నాగూర్‌బీ మౌనం

సూళ్లూరుపేట,
4-3-1964.

మద్రాసు ఆస్పత్రిలో పిల్లలకు మాటలు నేర్పే ఎలిశబెతమ్మ గారికి దర్జీ ఖాదర్ బాషా సలాములు.

పోయిన వారం మీరు చూసిన మా మనవరాలు ముంతాజు ఇంకా నోరు విప్పలేదు. నాలుగేళ్లు నిండినాయి. చెవులు బాగున్నాయన్నారు, సంతోషం. జూన్ లోపల మాట రాకపోతే మూగపిల్లల హాస్టల్లో వేస్తానంటున్నాడు మా కొడుకు మౌలా. తల్లి లేని పిల్ల, దాన్ని వదిలి మేం ఉండలేం. మీరు చెప్పినట్టు రోజూ అద్దం ముందు కూర్చోబెట్టి "నోరు తెరువు, అమ్మ అను" అంటున్నాం. అద్దాన్నే చూస్తోంది.

ఇట్లు,
ఖాదర్ బాషా.

తా.క.: ఇంట్లో నేను తెలుగు, నా ఇంటావిడ నాగూర్‌బీ ఉర్దూ. ఆమెది ఆర్కాటు. నలభై ఏళ్లుగా ఇలాగే జరుగుతోంది, పోట్లాటలతో సహా.

మద్రాసు,
9-3-1964.

ఖాదర్ బాషా గారికి నమస్కారాలు.

రెండు భాషలతో పాప తికమకపడుతోందేమో. కొన్నాళ్లు ఇంట్లో అందరూ ఒకే భాష మాట్లాడండి. ఏప్రిల్ 10, శుక్రవారం తీసుకురండి.

ఉంటాను,
ఎలిశబెతు.

తా.క.: పోట్లాటలు కూడా ఒకే భాషలో.

సూళ్లూరుపేట,
16-3-1964.

అమ్మా, సలాములు.

మీ మాట కొలత తప్పకుండా పాటించినాం. తెలుగే ఖాయం చేసినాను. నాగూర్‌బీకి తెలుగు అర్థమవుతుంది గాని నోటికి రాదు. అందుకని నోరే మూసుకుంది. అరవంలో జాకెట్టు కొలతలు చెప్పబోయిన ఇద్దరిని వెనక్కి పంపినాను. పాప ఇంకా పలకలేదు.

మీ,
ఖాదర్ బాషా.

తా.క.: పాప మాట్లాడేదాకా తానూ మాట్లాడనని నాగూర్‌బీ దర్గాలో మొక్కుకుంది. ఆ సంగతి ఉర్దూలో చీటీ రాసి చూపించింది. నాకు ఉర్దూ చదవడం రాదు. మసీదులో హజరత్ చదివి చెప్పినాడు.

మద్రాసు,
20-3-1964.

బాషా గారూ, నమస్తే.

నేను మానమన్నది ఒక భాషని, మాటని కాదు. ఇంట్లో ఉండే మనిషే మూగనోము పడితే పాప ఎవరిని చూసి నేర్చుకుంటుంది? వెంటనే మొక్కు మాన్పించండి.

ఎలిశబెతు.

తా.క.: జాకెట్ల వాళ్లనూ వెనక్కి పిలవండి.

సూళ్లూరుపేట,
27-3-1964.

అమ్మా, వేల సలాములు.

మొక్కు మాన్పించడం నా వల్ల కాలేదు. పాప మాట్లాడితేగాని ఆమె మాట్లాడదు, ఆమె మాట్లాడితేగాని పాప నేర్చుకోదని మీరు. రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

నిన్న పొద్దున మిషను మీద ఉన్నాను. పాప నాగూర్‌బీని చెయ్యి పట్టి లాక్కెళ్లి అద్దం ముందు కూర్చోబెట్టింది. గడ్డం పట్టుకొని, "నోరు తెరువు దాదీ, అమ్మ అను" అంది. ఆమె పలకలేదు, కళ్లనీళ్లు పెట్టుకుంది. పాప అదే మాట ఉర్దూలో, "మూ ఖోలో దాదీ" అంది. లాభం లేదని నా వైపు తిరిగి, "తాతా, దాదీకి మాట పడిపోయినాది. మద్రాసుకు తీసకపోదాం" అంది.

నేను మిషను వదిలి లేచినాను. నాగూర్‌బీ పిల్లను ఒళ్లోకి లాక్కొని, పదిహేను రోజుల మాటలన్నీ ఒక్కసారే మాట్లాడింది. మౌలా హాస్టలు కాగితాలు చించేసినాడు.

మీరు ఒకే భాష అన్నారు. దీనికి రెండొచ్చినాయి. ఏదీ మాన్పించను, కోప్పడకండి.

మీ మేలు మరవని
ఖాదర్ బాషా.

తా.క.: ఏప్రిల్ 10న మాకిచ్చిన టైము అలాగే ఉంచండి. దాదీకి తెలుగు ఇంకా రాలేదు, మీకు చూపించాల్సిందేనని పాప పట్టుబట్టింది.