పొయ్యి వెనక తాత

ఒరేయ్ యెఫీమూ, అక్క బాగానే ఉంది, కంగారుపడకు.

వోల్గా ఒడ్డున పాతకాలపు ఇళ్ళు తెచ్చి పెట్టిన ఈ ప్రదర్శన ఊళ్ళో మన పాతింటిని దుంగ మీద దుంగ పేర్చి అచ్చం అలాగే నిలబెట్టారు. అందులో కూర్చుని వచ్చినవాళ్ళకి మగ్గం నేసి చూపించేది నేనే. కానీ పొయ్యి రాజేస్తే పొగంతా ఇంట్లోకే కొడుతోంది, రొట్టె పొంగడం లేదు, నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. నిన్న వడ్రంగి గెరాసిం మామ అడిగాడు: "ఇల్లు తెచ్చారు సరే, పొయ్యి వెనక కంటికి కనబడకుండా ఉండి ఇంటిని కాచే తాతని పిలుచుకొచ్చారా, అమ్మాయీ?"

దుంగలకి అంకెలు వేసి పడవెక్కించిన మొనగాడివి, ఆయన్ని మరిచావేంరా? నాన్న ఉన్ని బూటు పాత పునాది దగ్గర పెట్టి, "తాతా, ఇందులోకి ఎక్కు, అక్క దగ్గరికి పోదాం" అని పిలువు. బూటుని సరుకుల పడవలో పంపు.

మేక ఈనిందా? అమ్మ మోకాలు ఎలా ఉంది? పిల్లలకి ముద్దులు.

తాత రానంటే బలవంతపెట్టకు. నేనే వచ్చేస్తాను.

ఉస్తీన్యక్క