ముప్పయ్యో పేజీ తర్వాత

బంగారంలాంటి మా అక్కకి,

నా కోడిగీతలకీ తప్పులకీ నవ్వకు. ఐదో తరగతి చదువు, ఒత్తు ఎక్కడ పెట్టాలో నాకు ఇప్పటికీ అనుమానమే.

కిందటి ఉత్తరంలో అంతా బాగున్నామని రాశాను. అబద్ధం. మీ మరిది బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషన్లు బాగుచేసే ఉద్యోగం మానేసి, సొంతంగా కంపెనీ పెడతానన్నారు. మిషన్‌కి బిగిస్తే ఎన్ని కుట్లు పడ్డాయో లెక్కపెట్టి ఫోన్‌లో చూపించే పెట్టె ఒకటి తయారుచేస్తారట. ఎవరో పెద్దమనిషి, కొత్తవి కనిపెట్టి కంపెనీలు పెట్టేవాళ్లు తప్పకుండా చదవాలంటూ తొమ్మిది పుస్తకాల పట్టీ రాసిచ్చాడు. తొమ్మిదీ తెచ్చి బీరువా మీద పేర్చారు. ఏమిటండీ అవి అంటే, "నీకెందుకులే, బుర్ర వేడెక్కుతుంది" అన్నారు. నవ్వుతూనే అన్నారు. కానీ అక్కా, ఆ మాట ముల్లులా దిగింది. రాజీనామా కూడా రాసి, సోమవారం ఇవ్వడానికి జేబులో పెట్టుకున్నారు.

అంతకుముందు నెలరోజులూ ఆయన పనికి వెళ్లాక, అన్నిటిలోకీ సన్నటి పుస్తకం తీసి, వేలు పెట్టుకుని కూడబలుక్కుంటూ చదివాను. ముప్పయ్యో పేజీ దాకా ఎర్ర పెన్సిల్ గీతలే గీతలు. ఆపైన ఒక్కటీ లేదు. అంటుకున్న పేజీలు పిన్నీసుతో విడదీశాను. అనుమానం వచ్చి మిగతా ఎనిమిదీ తెరిచాను. అన్నీ అంతే! మహానుభావుడు తొమ్మిదింటిలోనూ మొదటి అధ్యాయమే చదివారు.

నలభై ఒకటో పేజీలో ఉంది: వస్తువు చేయకముందే దాన్ని వాడబోయే పదిమందిని కలువు, నీ గొప్ప చెప్పకు, వాళ్ల ఇబ్బంది విను అని. ఈయన ఒక్కరినీ అడగలేదు. నలుగురిలో నోరెత్తని దాన్ని, సూది అడిగే వంకతో మా వీధిలో మిషన్ కుట్టే పదిమంది ఇళ్లకీ వెళ్లాను. మూడో ఇంటి పెద్దమ్మ ఏమందో తెలుసా? "కుట్లు లెక్కపెట్టుకుని ఏం చేసుకోనే, దండ గుచ్చుకోనా? కింద బాబిన్‌లో దారం అయిపోతే తెలిసి చావదు. మూరెడు పొడుగు ఉత్తి సూదే పొడుచుకుంటూ పోతుంది. అది ముందుగా చెప్పే పెట్టె చేయమను మీ ఆయన్ని!" పదిమందిలో ఏడుగురిది అదే మాట. అన్నీ కాగితం మీద రాసి ఆ పేజీలో పెట్టాను. నోటితో చెప్పే ధైర్యం మాత్రం రాలేదు.

ఆదివారం ఆయన ఆ సన్నటి పుస్తకం తీస్తే కాగితం జారిపడింది.

"ఎవరు రాశారిది?"

"నేనేనండీ."

"ఈ పుస్తకం చదువుతున్నావా?"

"అయిపోయిందండీ."

కోప్పడతారనుకున్నాను. ఆ కాగితం రెండుసార్లు చదివారు. బాబిన్ అన్న మాట ఏడుసార్లు ఏడు రకాలుగా రాశాను, అయినా నవ్వలేదు. తల గోక్కుని, చిన్నగా అడిగారు: "చివర్లో ఏముందే?"

"కూర్చోండి, చదువుతాను" అన్నాను.

గుండెల మీంచి బండ దించినట్టయింది అక్కా. రాజీనామా కాగితం వెనకవైపే బాబిన్ బొమ్మ గీశారు. ఉద్యోగం చేసుకుంటూనే సాయంత్రాలు ఆ పెట్టె సంగతి చూస్తారట. ఆ ఏడుగురి ఇళ్లకీ నన్నే వెంటబెట్టుకుని వెళ్లారు.

చదవగానే దీన్ని పొయ్యిలో పెట్టేయ్. బావ కంటపడితే మా ఆయన్ని ముసలితనం దాకా ఏడిపిస్తారు. ప్రస్తుతానికి ఆ హక్కు నా ఒక్కదానిదే.

నీ చెల్లి