తెల్ల షర్టుల నన్ను గుర్తుపట్టని బ్యాట్ ఫిష్

నెలాఖరు, శనివారం. తుకుంల మా ఇల్లు.

ఇయ్యాల్టితోని నౌకరి అయిపోయింది. శాలువా కప్పి, కొబ్బరికాయ చేతిల పెట్టి, మరాఠీల నాలుగు మంచి మాటలు చెప్పిండ్రు. ఇన్నేండ్లు పవర్ ప్లాంటుల నీళ్లలకెళ్లి ఉప్పు తీసుడే నా పని. ఇంటికొచ్చి అద్దాల తొట్టిల సాదుకునే సముద్రపు చేప, బ్యాట్ ఫిష్ కోసం బకెట్లల్ల ఉప్పు కలుపుత. నా పెండ్లాం సరళ బతికున్నప్పుడు దీనికే నవ్వేది. ఆమె పోయినంక నా కోసం ఎదురుచూసేది ఈ చేపొక్కటే.

డ్యూటీ నుంచి రాంగనే, బట్టలు మార్చకముందే మేత వేస్త. తలుపు చప్పుడుకే అద్దం కాడికి వచ్చి, నా వేళ్లలకెళ్లి రొయ్య ముక్క గుంజుకుంటది. ఆదివారం ఒక్కనాడు దానికి ఉపాసం.

ఇయ్యాల నన్ను చూసి రాయి ఎనుకకు పోయింది. ఎంత పిలిచినా రాలే. పానం బాగలేదేమో అని బుగులైంది. నీళ్లు పరీక్ష చేసిన, అన్నీ సరిగనే ఉన్నయి. అప్పుడు యాదికొచ్చింది. సన్మానమని తెల్ల షర్టు తొడిగిన. అది ఇన్ని రోజులు గుర్తుపట్టింది డ్యూటీ నీలి షర్టును. నన్ను కాదు.

ఆ షర్టులు రెండూ పొద్దున్నే మా సెక్షన్ల పనిచేసే మహేశ్‌కు ఇచ్చేసిన. "మీకిగ వాటితోని ఏం పని సార్, నాకియ్యుండ్రి" అన్నడు.

రేపు ఎట్లాగూ ఉపాసమే. సోమవారం లోపల ఒక్క షర్టు వాపస్ అడగాలె. ఎందుకు సార్ అంటే ఏం చెప్పాలె...