తీసేసిన వాక్యం

బెంగళూరు,
14 ఆగస్టు 2004

మునినారాయణప్ప నాయనకు,

మోహన్‌కుమార్ నమస్కారాలు. మీ అబ్బాయి రాజగోపాల్‌కు వైమానిక దళంలో ఎలక్ట్రానిక్ యుద్ధం నేర్పినవాణ్ణి నేనే. శత్రువు రాడార్ మన విమానాన్ని పట్టుకుంటే పైలట్ చెవిలో ఒక పెట్టె మోగుతుంది. ఇరవై రెండేళ్లు ఆ పెట్టెలతోనే బతికాను. శిష్యులకు మొదటిరోజే చెప్పేవాణ్ణి, "మోగితే ఆలోచించకు, వెంటనే విమానం తిప్పెయ్" అని.

తొంభైమూడులో కొత్త పెట్టెను పరీక్షించింది నేను. నేలకు దగ్గరగా ఎగిరితే అది ఉత్తపుణ్యానికి మోగేది. రిపోర్టులో ఆ మాటే రాశాను. పై అధికారి పిలిచి, "ఈ ఒక్క వాక్యం తీసెయ్ మోహన్. వచ్చే నెల నీ ప్రమోషన్ బోర్డు ఉంది కదా" అన్నాడు. బలవంతమేమీ లేదు, నేనే తీసేశాను. నాలుగు నెలలకు ఆ పెట్టె ఉన్న విమానంలో మీవాడు కొండల మధ్య తక్కువ ఎత్తులో వెళ్తున్నాడు. "మోగింది" అన్నదే రేడియోలో అతని చివరి మాట. నేను నేర్పినట్టే తిప్పి కొండను గుద్దుకున్నాడు. విచారణలో "పైలట్ తొందరపాటు" అని రాస్తుంటే, సాక్షిగా కూర్చుని నోరు మెదపలేదు.

ఇప్పుడు అలాంటి పెట్టెలే అమ్మే కంపెనీలో సలహాదారుణ్ణి. సిగ్గు లేకుండా జీతం తీసుకుంటున్నాను. మీ ఒక్కరికైనా నిజం చెప్పాలనిపించింది. బయటపడితే పరువు దక్కదు. మా అమ్మాయి హరిణి పెళ్లి కూడా కుదిరింది. చదివి చించెయ్యండి. వీలైతే క్షమించండి.

మీ
మోహన్‌కుమార్

వర్తూరు,
29 ఆగస్టు 2004

మోహనప్పా,

నాకు కండ్లు ఆనవు. నేను చెప్తా ఉంటే నా కూతురు సుమ రాస్తా ఉండాది.

కొడుకు తొందరపడి సచ్చినాడని పదకొండేండ్లు నమ్మితిని. వానికి దండ వేస్తామని మీవాళ్లు పిలిచినా పోలేదు. ఫోటో గోడకు పెడతానని వాళ్లమ్మ పార్వతమ్మ ఏడిస్తే, "విమానం పాడుచేసినోనికి ఫోటో ఎందుకు?" అంటిని. ఆయమ్మ పోయిన ఫిబ్రవరిలో కండ్లు మూసింది. ఏడు నెల్ల ముందు రాసింటే చదివి వినిపించేవాళ్లం. నీకు నీ బిడ్డ పెండ్లి గుర్తొచ్చింది, మా ఇంట్లో ఒక తల్లి ఉండాదని గుర్తు రాలేదు.

నీ ఉత్తరం చించలేదు. జెరాక్సు తీయించుకొని, అసలుది నీ పాత ఆఫీసుకు రిజిస్టర్ పోస్టు చేసినాము. విచారణకు నిన్ను పిలుస్తారు. పోయి ఈ మాటలే చెప్పు.

క్షమించమంటివి. అది నా చేతిలో లేదప్పా. ఆయమ్మ నన్నే క్షమించకుండా పోయింది.

మునినారాయణప్ప