పచ్చగా రాలిన చుక్క

మంగళవారం రాత్రి, హాస్టల్

ఈరోజు నేను చేసిన ద్రోహానికి సమస్త ఖగోళ శాస్త్రవేత్తలు నన్ను క్షమించాలి.

ఎనిమిదింటికి డాబా మీదున్నాం. మౌలాలి వైపు ఆకాశంలో పెద్ద నిప్పుముద్ద పచ్చగా వెలిగి, రెండు ముక్కలై ఆరిపోయింది. అందరూ కేకలు వేశారు. నా రూమ్మేట్ యాదగిరి మాత్రం కూలబడ్డాడు. వాళ్ళ నాయనమ్మ తార్నాకలో ఆస్పత్రిలో ఉంది.

"చుక్క రాలితే మనిషి పోయినట్టేరా. ఫోన్ చెయ్యాలంటే భయమైతున్నది."

నీళ్ళు తాగొస్తానని కిందికి వెళ్ళాను. తిరిగొచ్చి గంభీరంగా చెప్పాను.

"అరే, ఎర్రగా రాలితేనే డేంజర్. పచ్చగా రాలితే పేషెంట్ లేచి కూసుంటది. సైన్స్."

"నువ్వు చదివేది హిస్టరీ కదరా?"

"అయితే ఏంది? చెయ్ ఫోన్."

చేశాడు. ఇడ్లీలో ఉప్పు లేదని నాయనమ్మ నర్సును తిడుతోందట. వాడు నాకు దండం పెట్టాడు. హుందాగా స్వీకరించాను.

నిజానికి నేను నీళ్ళు తాగలేదు. మెట్ల మీద నిలబడి, ఆస్పత్రిలో నాయనమ్మ దగ్గరున్న వాళ్ళ అక్కకు ముందే ఫోన్ చేశాను.