గోడ మేకుకు వేలాడే 214

గనుల భద్రతాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: గనిలో దిగేవారి రేడియేషన్ బ్యాడ్జీలు గోడకు వేలాడుట గురించి, మా అన్నయ్యకు క్రోమోజోముల పరీక్ష చేయించుట గురించి.

"చదువు ఎక్కువై సొంత అన్నంటేనే రోత పుట్టింది దీనికి" అని మా అమ్మ ఇరుగుపొరుగుకు చెబుతోంది. గని నుంచి వచ్చిన అన్నయ్యను స్నానం చేయకుండా తన పాపను ఎత్తుకోవద్దన్నందుకు నాకు దక్కిన బిరుదిది. రోత ఉన్న మాట నిజం. అది అన్నయ్య మీద కాదని మనవి చేసుకొనుచున్నాను.

1. మా అన్నయ్య తొమ్మిదేళ్ళుగా యురేనియం గనిలో డ్రిల్లరు. ఒంటికి ఎంత రేడియేషన్ సోకిందో కొలిచే బ్యాడ్జి, నంబరు 214, అతని చొక్కాకు ఉండవలెను. పోయిన నెల క్యారియరు ఇవ్వడానికి షిఫ్టు ఆఫీసుకు వెళ్ళాను. అన్నయ్య గనిలో ఉన్నాడు. 214 గోడ మేకుకు ఉంది. దాని పక్కన ఇంకో అరవై.

2. సూపర్‌వైజరును అడిగితే "చెమటకు పాడైపోతాయమ్మా, దిగేముందు ఇక్కడ పెట్టేసి పోతారు. ఎంత శుభ్రంగా ఉన్నాయో చూడు!" అన్నారు. మూడు నెలలకోసారి ఆ శుభ్రమైన బ్యాడ్జీలనే కొలతకు పంపుచున్నారు. ఇంట్లో అన్నయ్యను నిలదీస్తే "అందరివీ అక్కడే ఉంటాయే. నాకొక్కడికే కొమ్ములున్నాయా?" అన్నాడు.

3. పాప తర్వాత మా వదినకు రెండుసార్లు గర్భం పోయింది. ఇప్పుడు మళ్ళీ మూడో నెల. కారణం గనేనని నేను తేల్చి చెప్పడం లేదు, తేల్చమనే అడుగుతున్నాను. ఒంటికి సోకిన రేడియేషన్ ఆనవాలు రక్తంలో చూపే ఆ క్రోమోజోముల పరీక్ష అన్నయ్యకు రాయమంటే గని ఆసుపత్రి డాక్టరు గారు కాగితం తిప్పి, "214కు సోకింది సున్నా. పరీక్ష అక్కర్లేదు. లోపం మీ ఆవిడలోనే ఉంటుంది" అన్నారు. వదిన తల దించుకుంది. అన్నయ్యా దించుకున్నాడు. నేను చెప్పిన రోత అక్కడ పుట్టింది. అయ్యా, ఆ సున్నా మా అన్నయ్యది కాదు, తమ గోడది. తొమ్మిదేళ్ళుగా తమ రికార్డుల్లో ఆరోగ్యంగా ఉన్నది ఆ గోడే.

4. గని బట్టలు గనిలోనే ఉతికించాలని తమ నోటీసు బోర్డే చెబుతోంది. ఉతికే గదిలో ప్రస్తుతం తమ జీపు టైర్లు ఉన్నవి. బట్టలు మా పెరట్లో, పాపకు నీళ్ళు పోసే బకెట్టులో నానుచున్నవి. మొన్నటిదాకా ఉతికింది వదిన. ఇప్పుడు నేను.

కావున ఆ సున్నాలను కొట్టివేసి, బ్యాడ్జీ ఒంటి మీద ఉంటేనే మనిషిని గనిలోకి దింపవలెననియు, దిగిన ప్రతివారికీ, పిల్లల్ని కనే వయసువారికి ముందుగా, క్రోమోజోముల పరీక్ష చేయించి ఆ కాగితం వారి చేతికే ఇవ్వవలెననియు కోరుచున్నాను. ఇది నా మూడో అర్జీ. మొదటి రెంటికీ "పరిశీలనలో ఉన్నది" అని జవాబు వచ్చింది. రెండూ ఒకే కాగితానికి తీసిన జిరాక్సులు.

ఈసారైనా, ముక్కు మూసుకోకుండా చిత్తగించవలెను.

తమ విధేయురాలు (ఈ అర్జీ వరకు),
214 చెల్లెలు

తా.క.: సోమవారం పది గంటలకు అన్నయ్య బట్టల మూట ఉతకకుండా తెచ్చి తమ బల్ల మీద పెడతాను. ఇది విని వదిన "బరువుంటుంది, నేనూ ఓ చెయ్యి వేస్తా" అంది. అమ్మ పెరట్లోకి వెళ్ళి ఆ బకెట్టు తెచ్చి మూట పక్కన పెట్టింది. వదినను రానివ్వను. రెండూ నేనే తెస్తాను.