కళ్లు మూసుకునే క్లాసు

సువర్చల మేడమ్ గారికి నమస్కారం.

బుధవారం ధ్యానం క్లాసులో ఫరీన్‌ను భుజాలు పట్టి ఊపింది నేనే. మీరు అనుకున్నట్టు అది ఎగతాళి కాదు మేడమ్. పరీక్షల భయంతో నిద్ర పట్టక, ఆ క్లాసులో నా అంతట నేనే చేరాను.

ఊపిరిని గమనించమన్నారు మీరు. అందరూ కళ్లు మూసుకున్నారు. పక్కనున్న ఫరీన్ ఊపిరి నాకు వినబడలేదు. అంతే, చేతులు వాటంతటవే లేచాయి.

మా నాయన తాడిపత్రిలో బండలకు పాలిష్ పట్టేవాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరింది. ఇప్పుడు ఆయన పడుకుంటే ఈల వేసినట్టు చప్పుడు వస్తుంది. అమ్మ కూలికి పోతూ, "సప్పుడు నిలిస్తే లేపు పాపా" అని చెప్పి పోతుంది. ఆ చప్పుడు వింటూనే నేను చదువుకుంటాను. ఒకసారి వినబడక ఊపి లేపితే, "ఈడనే ఉండా లేమ్మా, సదువుకో" అన్నాడు.

నేను కాలేజీకి వస్తే ఆయన దగ్గర అవ్వ ఉంటుంది. అవ్వకు చెవుడు.

ఫరీన్‌తో ఈ సంగతంతా చెప్పాను. "ముందే చెప్పింటే గురక పెట్టేదాన్ని గదే" అంది.

నన్ను మళ్లీ క్లాసుకు రానివ్వండి మేడమ్. ఎవరైనా జలుబు చేసినవాళ్ల పక్కన కూర్చోబెట్టండి. వాళ్ల ఊపిరి వినబడుతూ ఉంటే నేనూ కళ్లు మూసుకోగలను.

ఇట్లు,
కిటికీ పక్కన కూర్చునే మీ విద్యార్థిని